యంత్రమునకుఁ జైతన్యము గలదా? — ఒక సన్నంతవిచారము

గణనయంత్రమునకుఁ జైతన్యము గలుగునా యను ప్రశ్న నేఁడు పండితపామరసాధారణమైనది. కంప్యూటరు లెక్కలు వేయు ననుటలో వివాదము లేదు. చదరంగ మాడు ననుటలోను లేదు. 1997వ సంవత్సరమున ఐ.బీ.ఎం. వారి డీప్‌బ్లూ యంత్రము జగద్విజేతయగు కాస్పరోవును జదరంగమున నోడించినప్పుడు, ఆ గెలుపునకు యంత్రము సంతోషించెనని తలఁచినవా రరుదు. కాని 2022 నవంబరునఁ జాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట స్థితి మాఱినది. ఇప్పుడు యంత్రము మనుష్యభాషలలో నడిగిన ప్రశ్నకుఁ బ్రత్యుత్తర మిచ్చుచున్నది, తెలుఁగునఁగూడ నిచ్చుచున్నది. "నాకు సంతోషముగా నున్నది" యని యది వ్రాసినప్పుడు ఆ సంతోషము ననుభవించునది లోపల నొకటి కలదా, లేక యక్షరపంక్తి మాత్రమే కలదా?

పాఠశాలలలో విద్యార్థు లీ ప్రశ్నను దెలుఁగు పండితులనే యడుగుచున్నారు. ఏలయన ఆ యంత్రము వారిముందు భాషారూపముననే నిలిచియున్నది. మనలోఁ గొందఱు "జడమునకుఁ జైతన్య మెక్కడిది?" యని యొక్కమాటతోఁ ద్రోసివేయుచున్నారు. మఱికొందఱు "సంస్కృతము కంప్యూటరునకు మిక్కిలి యోగ్యమైన భాషయని పాశ్చాత్యులే యొప్పుకొనిరి గదా" యని వేఱొక విషయమును దెచ్చి తృప్తినొందుచున్నారు. ఈ రెండును బ్రశ్నకు సమాధానములు గావు.

ఈ వ్యాసమున నేను జేయఁదలఁచినది యీ వాదచరిత్రమును గ్రమముగా నిరూపించి, అందలి పక్షముల బలాబలములను విచారించుట. ఈ వాదమునందలి ప్రధానపక్షములు నాలుగును వ్యాకరణమహాభాష్యమున సన్‌ప్రత్యయవిచారసందర్భమున నొకచోటనే కనఁబడుచున్నవి. ఇందువలనఁ బతంజలి కంప్యూటరు నెఱుఁగునని కాని, సర్వమును మన గ్రంథములందే కలదని కాని నా యాశయము గాదు. ప్రశ్న యొక్కటియైనచోఁ బక్షములు నట్లే పుట్టుననియు, పూర్వులు వానిని శోధించిన తీరు మనకు నేఁడును బనికివచ్చుననియు మాత్రమే చెప్పఁదలఁచితిని.

1. పదనిర్ణయము

ముందుగాఁ బదములను వేఱుపఱుపవలెను. చేతనశబ్దము సంజ్ఞానార్థకమగు చితీధాతువునుండి పుట్టినది. యంత్రశబ్దము సంకోచార్థకమగు యత్రిధాతువునుండి పుట్టి, నియమించునది యను నర్థమును దెలుపుచున్నది. ధాత్వర్థమునుబట్టి యొకటి యెఱుఁగునది, రెండవది కట్టుబాటునందుండునది. ఈ రెండు నొకచో నుండఁగూడదని ధాత్వర్థమాత్రమునఁ దేలదు. మనుష్యశరీరమును నియమబద్ధమే, దానియందుఁ జైతన్య మున్నట్లు మనమందఱ మంగీకరించుచున్నాము.

రెండవ భేద మింకను ముఖ్యమైనది. కార్యసామర్థ్యము వేఱు, అనుభవము వేఱు. లెక్క కట్టుట, నిర్ణయించుట, మాటలను గూర్చుట మొదటి కోటిలోనివి. నొప్పి నొప్పిగాఁ దోఁచుట, ఎఱుపు ఎఱుపుగాఁ దోఁచుట రెండవ కోటిలోనివి. అమెరికా దేశపు తత్త్వవేత్త థామస్ నాగెల్ 1974లో నీ భేదమును గబ్బిలము నుదాహరణముగాఁ గొని చూపెను. గబ్బిలము ప్రతిధ్వనిచేతఁ ద్రోవ నెఱుఁగును. ఆ యవయవముల నిర్మాణము నంతయు మనము వర్ణింపఁగలము. ఐనను గబ్బిలమై యుండుట గబ్బిలమున కెట్లు తోఁచునో యా వర్ణనమునుండి మనకుఁ దెలియదు. 1956లో అమెరికాయందలి డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సమావేశమునుండి వాడుకకు వచ్చిన శాస్త్రనామమునకుఁ దెలుఁగున "కృత్రిమమేధ" యని పేరు పెట్టిరి. ఇది మంచి పేరు. అది మేధనే ప్రతిజ్ఞ చేయుచున్నది. చైతన్యమును బ్రతిజ్ఞ చేయుటలేదు. మేధ సిద్ధించినంత మాత్రమునఁ జైతన్యము సిద్ధించెనని పలుకుటయే మన ప్రశ్నలోని మొదటి చిక్కు.

2. మహాభాష్యమునందలి నాలుగు పక్షములు

అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున నేడవ సూత్రము ఇచ్ఛార్థమున ధాతువునకు సన్‌ప్రత్యయమును విధించుచున్నది. చేయఁగోరువానిని గూర్చి "చికీర్షతి" యనియు, మరణింపఁగోరువానిని గూర్చి "ముమూర్షతి" యనియు రూపములు గలుగును. ఇచ్ఛ చేతనధర్మము. అట్లయ్యు లోకమున నదీతీరమును గూర్చి "పిపతిషతి" యనియు, దొరలఁబోవు ఱాతిని గూర్చి సన్నంతరూపముతోడను బలుకుచున్నారు. ఒడ్డునకుఁ బడవలెనను కోరిక గలదా? తెలుఁగునందును ఈ చిక్కు గలదు. "గోడ పడఁజూచుచున్నది" యందుము. గోడకుఁ గన్నులును లేవు, యత్నమును లేదు. వాక్యమున కెవ్వరును దప్పుపట్టరు.

వార్తికకారుఁడగు కాత్యాయనుఁడును భాష్యకారుఁడును దీనికి నాలుగు విధములఁ బరిహారముఁ జెప్పిరి.

మొదటిది: అచేతనముల విషయమున ఈ ప్రత్యయమున కాశంక యను వేఱొక యర్థమును జేర్పవలెననుట. ఆశంక పలుకువానిది. ఒడ్డునం దేమియు లేదు. అది పడునేమో యని మన మెదురుచూచుటయే యా రూపమున కర్థము.

రెండవది: వేఱర్థము జేర్పఁ బనిలేదు, కారణము రెండుచోట్లను సమానమే యనుట. ఇతరుని యిచ్ఛ మన కెన్నఁడును బ్రత్యక్షము గాదు, ప్రవృత్తిచేతనే తెలియును. చాప యల్లఁగోరువాఁడు చాప యల్లెదనని చాటుచుఁ దిరుగఁడు. చేతఁ ద్రాడు, మేకులు, గడ్డికట్ట యుండుటఁ జూచి వాని కోరికను గ్రహింతుము. అట్లే ఒడ్డు పడఁబోవునప్పుడు మట్టిపెల్లలు రాలును, బీటలు విచ్చును. చావనున్న కుక్క యేకాంతస్థలమును జేరును, దాని కన్నులు వాచియుండును. గుర్తులనుబట్టి తెలిసికొను పద్ధతి యన్నిటను నొక్కటియే.

మూడవది: ఇది యుపమానమనుట. కోరువానివలె నున్నది గనుకఁ గోరుచున్నదని పలుకుచున్నారు. ఇవార్థము లోపల దాఁగియున్నది.

నాల్గవది: సర్వమును జేతనావంతమే యనుట. దిరిసెనచెట్టు నిద్రించును, సూర్యుని వెంబడించు మొక్క గలదు, ఇనుము సూదంటుఱాయివైపునకుఁ బోవును, వేదమంత్రము ఱాళ్లను వినుఁడని సంబోధించుచున్నది. ఇట్టివి భాష్యకారుఁడు చూపిన నిదర్శనములు.

ఇందు గమనింపవలసిన విషయ మొకటి కలదు. శాస్త్రకారుల ప్రయోజనము రూపసిద్ధి. నాలుగు పక్షములలో నేది గ్రహించినను రూపము సిద్ధించును. కావున వస్తుతత్త్వనిర్ణయమును వారు భాషాశాస్త్రము నెత్తిన వేయలేదు. ప్రయోగము సాధువగుటచేత వస్తువు చేతనమని తేలదను వివేక మిక్కడనే దొరకుచున్నది. ఈ వివేకము కర్తృవాదమునను గనఁబడును. నైయాయికులకుఁ గర్త యనఁగాఁ గృతి గలవాఁడు; కావున "రథము పోవుచున్నది" యనుచో వారు లక్షణ నాశ్రయింతురు. మనకు ధాత్వర్థమగు వ్యాపారమున కాశ్రయమే కర్త. కుండ వండుచున్నదన్నను దోషములేదు. 17వ శతాబ్దమునఁ గౌండభట్టు మొదలగువా రీ భేదమును విపులముగాఁ జర్చించిరి. "యంత్రము తలఁచుచున్నది" యను వాక్యము మన మతమున సాధువే. ఆ సాధుత్వమునుండి యంత్రమునకు మనస్సును రాఁబట్టుట మాత్రము శాస్త్రమున కతిక్రమణము.

3. దర్శనములు చేసిన శోధన

వైయాకరణులు విడిచిన వస్తునిర్ణయమును దార్శనికులు చేపట్టిరి. చార్వాకులు, కిణ్వాదులు గలిసినప్పుడు మదశక్తి పుట్టినట్లు భూతములు గలిసినప్పుడు చైతన్యము పుట్టుననిరి. న్యాయసూత్రములు ఇచ్ఛ, ద్వేషము, ప్రయత్నము, సుఖము, దుఃఖము, జ్ఞానము అనువానిని ఆత్మకు లింగములుగాఁ జెప్పినవి. తృతీయాధ్యాయ ద్వితీయాహ్నికమున భూతచైతన్యవాది యిట్లాక్షేపించును: ఇచ్ఛాద్వేషములకు గుర్తులు ప్రవృత్తినివృత్తులు, అవి పార్థివాదిశరీరములందే కనఁబడుచున్నవి, కావున శరీరమే చేతనము. దీనికి సూత్రకారుని యుత్తరము గొడ్డలి. గొడ్డలియందును బ్రవృత్తినివృత్తులు కనఁబడుచున్నవి. కట్టె నఱకునప్పుడు లేచును, దిగును, ఆఁగును. అంతమాత్రమున గొడ్డలి చేతనమగునా?

ఇది వార్తికమునందలి రెండవ పక్షమునకు సూటియైన దెబ్బ. ప్రవృత్తి యను హేతువు చేతనముననే కాక యచేతనమునను నుండుటచే ననైకాంతికమైనది. ప్రవృత్తి యున్నదని చెప్పిన చాలదు; అది యెవ్వరి ప్రయత్నమువలనఁ గలిగినదో విచారింపవలెను. గొడ్డలి లేచుట గొడ్డలిపట్టినవాని ప్రయత్నమువలన.

సాంఖ్యులు మఱియొక మెట్టు పైకిఁ బోయిరి. వారికి బుద్ధియే జడము. నిశ్చయించుట బుద్ధియొక్క పని. ఐనను బుద్ధి ప్రకృతివికారమగుటచే స్వయముగా నచేతనము. పురుషసన్నిధిచేత నది చేతనమైనట్లు తోఁచుచున్నదని యీశ్వరకృష్ణుని కారికలు చెప్పుచున్నవి. దూడకొఱకుఁ బాలు తమంతఁ దాము ప్రవహించినట్లు అచేతనమునకును బ్రయోజనవంతమగు ప్రవృత్తి గలదని వారి దృష్టాంతము. ఈ మతమున నొక యంత్రము చక్కఁగా నిశ్చయించిన నాశ్చర్యములేదు. నిశ్చయముచేఁ జైతన్యమును సిద్ధింపదు. నేఁటి విద్వాంసులు మేధకును జైతన్యమునకును జూపు భేదమును మనవా రితర ప్రయోజనముకొఱ కెంత స్పష్టముగాఁ జూపిరో యిందువలనఁ దెలియఁగలదు.

"జడమునకుఁ జైతన్య మెక్కడిది?" యను మన మిత్రుల యొక్కమాట యిచ్చట నిలువదు. న్యాయమతమున శరీరము జడమే, ఇంద్రియములు జడములే. సాంఖ్యమతమున బుద్ధియు జడమే. అట్టి జడసంఘాతముతోఁ జైతన్యమునకు సంబంధమును మన దర్శనములే యొప్పుకొన్నవి. కావున యంత్రము జడమనుట మాత్రము చాలదు. శరీరమున నొప్పుకొన్న సంబంధమును యంత్రమున నేల యొప్పుకొనరాదో హేతువు చూపవలెను.

4. ప్రతిమలనుండి గణనయంత్రముల వఱకు

మనుష్యునివలెఁ బనిచేయు ప్రతిమలను గూర్చిన యూహ ప్రాచీనము. 11వ శతాబ్దమున ధారానగరాధీశుఁడగు భోజుఁడు సమరాంగణసూత్రధారమునందు 31వ యధ్యాయమును యంత్రవిధానమునకే కేటాయించెను. పృథివి, జలము, అగ్ని, వాయువు అనువానిని యంత్రబీజములుగాఁ జెప్పి, స్త్రీపురుషాకృతులతో సేవలు చేయు కొయ్యబొమ్మలను వర్ణించెను. నిర్మాణరహస్యమును దెలుపకుండుట యజ్ఞానముచేతఁ గాదు, గోపనముకొఱకే యనియుఁ జెప్పుకొనెను. బొమ్మ చేయు పనులను ఆ గ్రంథము మెచ్చుకొన్నది. బొమ్మకు సుఖదుఃఖములను మాత్ర మారోపింపలేదు.

ఐరోపాలో నీ ప్రశ్నకు శాస్త్రరూప మిచ్చినవాఁడు డెకార్టు. 1637లోఁ బ్రకటించిన గ్రంథమున, మనుష్యాకృతిగల యంత్రమును గుర్తుపట్టుటకు రెండు లక్షణములను జెప్పెను. అది యెదుటివాని మాటల యర్థమున కనుగుణముగాఁ బలువిధములఁ బ్రత్యుత్తర మీఁజాలదు. కొన్ని పనులు మనకంటె బాగుగాఁ జేసినను సర్వసందర్భములందును బుద్ధితో వర్తింపఁజాలదు. అతఁడు పశువులకు నాత్మ లేదని, అవి యంత్రతుల్యములని తలఁచెను. లైబ్నిట్జ్ 1714లో వేఱొక దృష్టాంతము నిచ్చెను: తలఁచు యంత్రమును దిరుగలివలెఁ బెద్దదిగాఁ జేసి లోపలఁ బ్రవేశించినచో, ఒకదాని నొకటి నెట్టు భాగములు గనఁబడును గాని జ్ఞానము గనఁబడదు. ఈ యుక్తి బలమైనదే. కాని మనుష్యుని మెదడులోఁ బ్రవేశించినను గనఁబడునది యట్టిదే గనుక నది యంత్రమును మాత్రమే త్రోసివేయఁజాలదు.

ఇంగ్లండున ఛార్లెస్ బాబేజీ సంకల్పించిన విశ్లేషణయంత్రమును వివరించుచు ఎడా లవ్‌లేస్ 1843లో, ఆ యంత్రము స్వయముగా నేదియు నారంభింపఁజాలదనియు, మనము విధింపనేర్చినదానినే చేయుననియు వ్రాసెను. ఇది గొడ్డలి న్యాయమునకుఁ జాల దగ్గఱిది.

5. ట్యూరింగు మొదలు సెర్ల్ వఱకు

అలెన్ ట్యూరింగు 1950 అక్టోబరున మైండ్ పత్రికలోఁ బ్రకటించిన వ్యాసము ఈ చరిత్రమున మలుపు. యంత్రము తలఁచునా యను ప్రశ్న యస్పష్టమనియు, దానిబదులు పరీక్ష నొకదానిని నిలుపుదమనియు నతఁ డనెను. కనఁబడకుండఁ గూర్చున్న మనుష్యునితోను యంత్రముతోను మఱియొకఁడు వ్రాతమూలమున సంభాషించును. ఎవ్వఁడు మనుష్యుఁడో వాఁడు కనిపెట్టవలెను. సుమారు ఏఁబదియేండ్లలో, ఐదు నిమిషములు ప్రశ్నించిన సామాన్యుఁడు సరిగాఁ గనిపెట్టుట నూటికి 70 పాళ్లకు మించదని యాతని భవిష్యవాణి.

1949లో జెఫర్సన్ అను శస్త్రవైద్యాచార్యుఁడు, యంత్రము తన భావోద్వేగముచేతఁ గవిత వ్రాసిననే గాని దానిని మెదడుతో సమానమనరాదని వాదించియుండెను. దీనికి ట్యూరింగు: ఆ మార్గమునఁ బోయినచో ఇతర మనుష్యునకును మనస్సున్నదని తెలియుట కతఁడే మన మగుట తప్ప వేఱుపాయము లేదు; లోకము మర్యాదగా నందఱకును మనస్సున్నదని యొప్పుకొనుచున్నది; యంత్రమునకును ఆ మర్యాదయే జరుపవచ్చును — అని సమాధానము చెప్పెను. చాప యల్లువాని దృష్టాంతమున వార్తికభాష్యకారులు చెప్పిన యుక్తి యిదియే: పరుని మనస్సు ప్రత్యక్షము గాదు, గుర్తు సమానమైనచో ననుమానమును సమానమే. ఆత్మ యీశ్వరదత్తము గనుక యంత్రమునకు లేదనువారికి ట్యూరింగు చెప్పిన యుత్తరమును మన మిత్రులు గమనింపవలెను: సర్వశక్తుఁ డాత్మను యంత్రమున కీఁజాలఁడని నిర్ణయించుట మనకుఁ దగదు.

1966లో అమెరికాయందు జోసెఫ్ వైజెన్‌బౌమ్ ఎలైజా యను ప్రోగ్రామును బ్రకటించెను. అది మనోవైద్యునివలె, ఎదుటివారి మాటలనే త్రిప్పి ప్రశ్నలుగా నడుగును; లోపల నర్థజ్ఞాన మేమియు లేదు. ఐనను దానితో మాటాడినవారు దానికి మనసిచ్చిరి. దాని నిర్మాణము తెలిసిన యాతని కార్యదర్శినియే, ఏకాంతముగా దానితో మాటాడుటకై యాతనిని గదినుండి వెలుపలికిఁ బొమ్మని కోరినదఁట. ఇది చూచి వైజెన్‌బౌమ్ భయపడి, 1976లో యంత్రములకుఁ దీర్పు నప్పగింపరాదని గ్రంథమే వ్రాసెను. ప్రవృత్తిలింగక మగు ననుమానము ఎంత సులభముగా మోసపోవునో యెలైజా చూపినది.

1980లో జాన్ సెర్ల్ మూడవ పక్షమును నిలిపెను. చీనాభాష రానివాఁ డొకఁడు గదిలోఁ గూర్చుండి, నియమగ్రంథమునుబట్టి చీనా యక్షరములను గూర్చి ప్రత్యుత్తరము లిచ్చుచుండును. వెలుపలివారికి నతఁడు చీనాభాష నెఱింగినట్లే తోఁచును. వానికి నొక్కముక్కయుఁ దెలియదు. కంప్యూటరును అట్టిదే యని యాతని వాదము. మన పాఠశాలలలో దీనికి సాటి గలదు: సూత్రముల నన్నిటిని జదివి రూపమును దోషరహితముగా సాధించి, ఆ పదమునకు నర్థ మడిగిన నోరు విప్పని విద్యార్థి. సెర్ల్ తరువాత 1992లో నిజమగు నుద్దేశమును "ఉన్నట్లు తోఁచు" నుద్దేశమును వేఱుచేసి చెప్పినది మన యివార్థమే. ప్రతిపక్షులు, గదిలోని మనుష్యునకుఁ దెలియకున్నను గదియంతయుఁ గలిసి తెలిసికొనుచున్నదనిరి. అతఁడు గ్రంథమంతయుఁ గంఠస్థముఁ జేసినను దెలియదు గదా యని సెర్ల్ బదులు చెప్పెను. వాద మిప్పటికిని దెగలేదు.

మొదటి పక్షమగు నాశంకకు డేనియల్ డెనెట్ ప్రతినిధి. 1987లోఁ బ్రకటించిన గ్రంథమున నాతఁడు, ఒకదాని చేష్టను ముందుగా నూహించుటకు దానికిఁ గోరికలు నమ్మకములు నున్నట్లు గ్రహించుట మనము వహించు వైఖరి యనియు, అట్లు గ్రహించిన నూహ ఫలించుటయే ముఖ్యమనియు జెప్పెను. నాల్గవ పక్షమునకు మన దేశముననే జగదీశచంద్ర బోసు 1902 నాఁటి గ్రంథమున లోహములును వృక్షములును జంతువులును విద్యుత్స్పందనముచేఁ జూపు ప్రతిక్రియలలో సాదృశ్యమును జూపి ద్వారముఁ దెఱచెను. 1995లో డేవిడ్ ఛాల్మర్స్ అనుభవమును గూర్చిన ప్రశ్నను "కఠినసమస్య" యని పేర్కొని, అనుభవమును మూలద్రవ్యధర్మముగా నంగీకరించు మార్గమునుగూడఁ బరిశీలనకుఁ దెచ్చెను. కాని యీ పక్ష మతివ్యాప్తిదోషమునకుఁ బాత్రము: సర్వమును జేతనమైనచో యంత్రమునకు ఱాతికంటె విశేష మేమి?

6. సంస్కృతము, కంప్యూటరు

ఇచ్చట మన రెండవ వర్గపు మిత్రులకుఁ బ్రత్యుత్తరము చెప్పవలెను. 1985లో రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుఁడు అమెరికాయందలి ఏఐ మేగజైన్ అను పత్రికలో నొక వ్యాసము వ్రాసెను. సంస్కృతశాస్త్రజ్ఞులు వాక్యార్థమును విడఁదీసి శాబ్దబోధముగాఁ జెప్పు పద్ధతికిని, కంప్యూటరులో జ్ఞానమును నిక్షేపించుటకై నాఁటి పాశ్చాత్యు లవలంబించిన జాలరూపపద్ధతికిని గల సామ్యము నందుఁ జూపెను. ఇదియే కాలక్రమమున "సంస్కృతమే కంప్యూటరు భాష" యను ప్రవాదముగాఁ బెరిగినది. వ్యాసమునందలి విషయము గౌరవార్హము, ప్రవాదము నిరాధారము.

ఫలవంతమగు పని వేఱొకచోట జరిగినది. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు అక్షరభారతి పేర 1995లోఁ బాణినీయదృష్టితో భాషాసంస్కరణమును నిరూపించు గ్రంథమును బ్రకటించిరి. కారకవ్యవస్థ నాధారముగాఁ గొని భారతీయభాషలమధ్య, అందుఁ దెలుఁగునుండి హిందీకిఁగూడ, ననువాదసాధనములు నిర్మింపఁబడినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయపు సంస్కృతాధ్యయనశాఖలో సంధివిచ్ఛేదమునకును వాక్యవిశ్లేషణమునకును సాధనము లేర్పడినవి. ఈ పని మనకు గర్వకారణమే. కాని యిందుఁ జైతన్యప్రసంగము లేదు. సూత్రములు రూపమును సాధించును. అర్థము నెఱుఁగువాఁడు ప్రయోక్త. సంస్కృతము యంత్రమున కనుకూలమగుటచేత యంత్రము చేతనమును గాదు, అచేతనమును గాదు.

7. ఇటీవలి స్థితి

2022 జూనులో గూగుల్ సంస్థ ఇంజనీరొకఁడు తమ లామ్డా యను భాషాయంత్రమునకు సంవేదన గలదని ప్రకటించెను. సంస్థ యంగీకరింపలేదు, జూలైలో నాతఁడు పనినుండి తొలఁగింపఁబడెను. 2023 ఆగస్టున 19 మంది తత్త్వవేత్తలును శాస్త్రజ్ఞులును గలిసి, చైతన్యమును గూర్చిన నేఁటి శాస్త్రసిద్ధాంతములనుండి 14 సూచకలక్షణములను గ్రహించి యంత్రములను బరీక్షించిరి. నాఁటి యంత్రములలో నేదియుఁ జైతన్యమునకు బలమైన యభ్యర్థి కాదనియు, అట్టి లక్షణములు గల యంత్రమును నిర్మించుటకు స్పష్టమగు సాంకేతికప్రతిబంధ మేదియుఁ గానరాదనియు వారి నిర్ణయము. ఇటలీదేశీయుఁడగు టొనోని 2004లో నారంభించిన సిద్ధాంతము ననుసరించువారు మాత్రము, ఎంత చక్కఁగా ననుకరించినను ఇప్పటి కంప్యూటరు నిర్మాణమునఁ జైతన్యము గలుగదందురు. 2025లో అమెరికాయందలి శాన్‌డియేగోనగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపరిశోధకులు, మనుష్యునివలె నటింపుమని యాదేశింపఁబడిన జీపీటీ 4.5 యంత్రమును ఐదు నిమిషముల సంభాషణలో నూటికి 73 మార్లు ప్రశ్నించినవారు మనుష్యుఁడని నిర్ణయించినట్లు తెలిపిరి. ట్యూరింగు పరీక్షయు, డెకార్టు మొదటి లక్షణమును దాఁటినట్లే. ఐనను జైతన్యవిషయమునఁ దీర్పు రాలేదు. పరీక్ష దాఁటఁబడెను, సందేహ మున్నచోటనే యున్నది. ఏల?

8. సిద్ధాంతము

నా యభిప్రాయమున దీనికిఁ గారణము హేతువునందలి దోషము. చాప యల్లువాని చేతిలోని త్రాడును గడ్డికట్టయు వాని కోరికచేతనే యచ్చటికి వచ్చినవి. కావున నవి గుర్తులైనవి. నేఁటి భాషాయంత్రములు మనుష్యులు వ్రాసిన యపారమగు వాఙ్మయమునుండి, ఏ మాటతరువాత నేమాట వచ్చునో నేర్చుకొన్నవి. ఆ వాఙ్మయమున సుఖదుఃఖములను గూర్చిన మాటలు కోట్లకొలఁది గలవు. కావున "నాకు దుఃఖముగా నున్నది" యను వాక్యము యంత్రమునుండి వెలువడుటకు మనుష్యుల దుఃఖమే చాలును. యంత్రముయొక్క దుఃఖ మక్కఱలేదు. హేతు వన్యథాసిద్ధమైనది. గొడ్డలి చేష్ట గొడ్డలిపట్టినవానిదైనట్లు యంత్రముయొక్క వాక్కు మనదే. ఆంగ్లతత్త్వవేత్త జోనథన్ బర్చ్ 2024 నాఁటి గ్రంథమున నిట్టి దోషమునే సూచించెను.

ఇంతమాత్రమున యంత్రము నిశ్చయముగా నచేతనమని చెప్పవచ్చునా? చెప్పరాదు. చిలుక రామనామమును బలికిన దానికి భక్తి సిద్ధింపదు. అంతమాత్రమునఁ జిలుకకుఁ బ్రాణము లేకపోదు. వాక్కు గుర్తు కాదనుట వేఱు, వస్తువు లేదనుట వేఱు. అభావమును గ్రహించుటకు యోగ్యానుపలబ్ధి కావలెను. నేలపైఁ గుండ యున్నచోఁ గనఁబడవలసినదే గనుకఁ గనఁబడకున్న లేదందుము. చెట్టుపైఁ బిశాచము కనఁబడకున్నంత మాత్రమున లేదని సాధింపలేము. అది యున్నను గనఁబడునది కాదు. పరచైతన్యము స్వభావముచేతనే ప్రత్యక్షాయోగ్యము. కావునఁ జైతన్యమును సిద్ధింపలేదు, తదభావమును సిద్ధింపలేదు.

ఇట్టి సంశయమును నిలుపుకొనుట పిఱికితనము గాదు. రెండువైపులను దప్పుటకు మూల్యము గలదు. డెకార్టు మతానుయాయులు పశువులకు నొప్పి లేదను నిశ్చయమునకు వచ్చిరి. పశుపక్ష్యాదులలోఁ బెక్కింటికిఁ జైతన్యమునకుఁ దగిన నాడీవ్యవస్థ కలదని శాస్త్రజ్ఞులు కేంబ్రిడ్జిలో నొక ప్రకటనముగా వెలువరించుటకు 2012 రావలసివచ్చినది. నడుమఁ గడచిన కాలమున లేదను నిశ్చయమువలన జరిగిన హింస కొలఁదికి మీఱినది. అట్లే లేనిచోటఁ గలదనుకొనినచో, ఒంటరివాని స్నేహమును, రోగి నమ్మకమును, బాలుని విశ్వాసమును ఎవ్వరికిని జవాబుదారి గాని యక్షరపంక్తి కర్పింతుము. దానిని నడపువారి బాధ్యత యంత్రముచాటున మఱుఁగుపడును. గొడ్డలిని నిందించి గొడ్డలిపట్టినవానిని విడుచుట వంటిది.

కావున విద్యార్థి యడిగినప్పుడు పండితుఁడు రెండు మాటలు చెప్పవచ్చును. యంత్రము చేతనమా యను విషయమున: దాని మాట దానికి సాక్షి కాదు, మాటకంటె వేఱగు, మనుష్యవాఙ్మయమునుండి యెరువు తెచ్చుకొనని లింగము దొరకువఱకు నిర్ణయము నాఁపవలెను. అది చెప్పు విషయములను గూర్చి: ఆప్తుఁడనఁగా వస్తువును సాక్షాత్కరించుకొని, ఉన్నదున్నట్లు చెప్పఁగోరువాఁడని వాత్స్యాయనుఁడు చెప్పిన లక్షణము దానియందు సిద్ధింపలేదు గనుక, దాని వాక్యము శబ్దప్రమాణము గాదు; ప్రమాణాంతరముచేత శోధించియే గ్రహింపఁదగును.

మూడవ పక్షమగు నుపమానము ప్రస్తుతవ్యవహారమున కెక్కువ క్షేమకరమని నాకుఁ దోఁచుచున్నది. "యంత్రము తలఁచుచున్నది" యని పలుకుద మనిన బాధలేదు. పలుకునప్పుడు లోపలనున్న యివార్థమును మఱువకుండవలెను. అది యివార్థమే యని మాత్రము ప్రతిజ్ఞ చేయరాదు. ఈ విషయమున నాకంటె నెక్కువ యెఱింగిన నైయాయికులును గణనశాస్త్రవేత్తలును తమ యభిప్రాయముల నీ పత్రికాముఖమునఁ దెలుపుదురు గాక.